సింగిల్ వింగ్: అందరూ ఒకవైపే ఎందుకు?

ఈ నెల ఆటల శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో క్రికెట్‌వి అన్నీ వచ్చే సంచికకు దాచాను. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ మీద వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ కలిపి చదివితే ఎక్కువ భాగం ఒకే విషయం దగ్గర ఆగాయి. అది సింగిల్ వింగ్ అనే పాతకాలపు దాడి వ్యూహం. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నా. హాస్టల్లో మేం కొంతమందిమి సోమవారం తెల్లవారుజామున లేచి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు చూస్తాం. ఒక్కోసారి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పక్కకు పోయి నిలబడతాడు, బంతి నేరుగా పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ చేతికి వస్తుంది, వాడే తీసుకుని పరిగెత్తుతాడు. కామెంటేటర్ ‘ఇది వందేళ్ల నాటి సింగిల్ వింగ్’ అన్నాడు. అదేంటో కళ్లకు కట్టినట్టు చెప్పండి.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: పదకొండు చింతగింజలు తీసుకో తమ్ముడూ. నేల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న గోడ వైపు మన జట్టు దాడి చేస్తోందనుకో. ముందు ఒక గింజ పెట్టు, అది సెంటర్, అంటే బంతిని నేల మీంచి కాళ్ల మధ్యగా వెనక్కి అందించేవాడు. వాడికి ఎడమపక్క రెండు గింజలు, కుడిపక్క నాలుగు గింజలు ఒకే వరుసలో పెట్టు. మొత్తం ఏడు, ఇదీ లైన్. మామూలుగా అయితే రెండు పక్కలా సమానంగా ఉండాల్సింది, ఇక్కడ కుడిపక్క బరువు ఎక్కువైంది చూశావా, అదే అసలు కిటుకు.

ఇంకా నాలుగు గింజలు మిగిలాయి. ఒకటి కుడి చివరివాడికి ఇంకాస్త బయటగా, ఒక్క గజం వెనక పెట్టు, వాడు వింగ్‌బ్యాక్. ఇంకొకటి కుడిపక్క గార్డ్‌కు (సెంటర్ పక్కనుండేవాడు), టాకిల్‌కు (గార్డ్ పక్కనుండేవాడు) వెనకాలే, దాదాపు వాళ్ల వీపులకు ఆనుకున్నట్టు పెట్టు, వాడిని ఈ వ్యూహంలో క్వార్టర్‌బ్యాక్ అంటారు కానీ వాడి పని బంతి విసరడం కాదు, దారికి అడ్డొచ్చినవాళ్లను తోసెయ్యడం, అందుకే బ్లాకింగ్ బ్యాక్ అని కూడా అంటారు. మిగిలిన ఇద్దరూ సెంటర్‌కు నాలుగైదు గజాల వెనక ఉంటారు. సెంటర్‌కు సరిగ్గా వెనకున్నవాడు టెయిల్‌బ్యాక్, వాడి కుడిపక్కన ఒక అడుగు ముందున్నవాడు ఫుల్‌బ్యాక్. సెంటర్ బంతిని గాల్లో వెనక్కి పంపితే ఈ ఇద్దరిలో ఒకరు పట్టుకుంటారు. ఎక్కువసార్లు టెయిల్‌బ్యాకే.

ఇప్పుడు లెక్క చూడు. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకాలే చేతులు పెట్టి బంతి అందుకుని, తిరిగి ఇంకొకడి చేతిలో పెట్టే ఆటలో ఏమవుతుంది? బంతి ఇచ్చేశాక క్వార్టర్‌బ్యాక్ పని అయిపోయింది, వాడు ఎవరినీ అడ్డుకోడు. బంతి పట్టుకున్నవాడు కూడా పోతే అడ్డుకోవడానికి మిగిలేది తొమ్మిదిమంది, ఎదుట పదకొండుమంది. సింగిల్ వింగ్‌లో బంతి అందుకున్నవాడే పరిగెత్తుతాడు కాబట్టి మిగతా పదిమందీ దారి చెయ్యడానికే ఉంటారు. ఆ ఒక్క మనిషి తేడా కోసమే ఈ వ్యూహం పుట్టింది, ఇప్పటికీ కోచ్‌లు దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తున్నదీ అందుకే.

మీరు చూసిన ఆటను ఇప్పుడు వైల్డ్‌క్యాట్ అంటున్నారు. దాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క రోజులో అందరి నోళ్లలో పడేసింది మయామి డాల్ఫిన్స్. 2007లో పదహారు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచిన జట్టు అది. 2008 సెప్టెంబర్ 21న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీదికి వెళ్లింది, ఆ పేట్రియట్స్ రెగ్యులర్ సీజన్‌లో వరసగా 21 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదుంది. డాల్ఫిన్స్ కోచ్‌లు రన్నింగ్ బ్యాక్ రోనీ బ్రౌన్‌కు నేరుగా బంతి ఇప్పించారు. అతను ఆ రోజు నాలుగు టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) తానే పరిగెత్తి చేశాడు, ఇంకొకటి బంతి విసిరి చేయించాడు. స్కోరు 38–13. ఆ రోజు వాళ్లు చేసింది చూస్తే, లైన్ ఒకపక్కకు బరువుగా పెట్టి, బంతిని పరిగెత్తేవాడికే నేరుగా ఇచ్చి, పక్కనుంచి ఇంకొకడు అడ్డంగా పరిగెత్తుతూ బంతి తీసుకున్నట్టు నటించడం. ఇవన్నీ నీ ముందున్న చింతగింజల్లోనే ఉన్నాయి.

ప్రశ్న: సార్, పాత వీడియో ఒకటి చూశాను. మా పక్క రంగంపేట పశువుల పండగలో పశువు జనంలోంచి దూసుకొచ్చినట్టు బంతి పట్టుకున్నవాడు గుంపులోంచి బయటికొస్తున్నాడు. ఒక అనుమానం. మనవాళ్లంతా కుడివైపే ఉంటే ఎదుటివాళ్లు కూడా కుడివైపే వచ్చి నిలబడతారు కదా? ఇంత తెలిసిపోయే వ్యూహం ఎలా పని చేసింది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, చంద్రగిరి

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారండీ. ఎదుటివాళ్లు అలాగే జరిగేవాళ్లు. జరిగినా ఆగేది కాదు, ఎందుకంటే దాని అసలు దెబ్బ దాపరికంలో లేదు. ‘ఇటే వస్తున్నాం, చేతనైతే ఆపండి’ అన్నట్టు ఉంటుంది.

ముఖ్యమైన ఆట ఆఫ్-టాకిల్. కుడివైపు చివరివాడు, వాడి పక్కనున్న వింగ్‌బ్యాక్ ఇద్దరూ కలిసి ఎదుటి టాకిల్ మీద పడతారు, ఒక్కడి మీద ఇద్దరు, వాడు లోపలికి వెళ్లిపోతాడు. ఎదుటి ఎండ్‌ను, అంటే వాళ్ల లైన్ చివరివాణ్ని, బ్లాకింగ్ బ్యాక్ బయటికి తోస్తాడు. ఈ రెంటి మధ్య సందు పడుతుంది. ఆ సందులోకి ముందుగా ఫుల్‌బ్యాక్, వెనకనుంచి లైన్ వదిలి వచ్చిన గార్డ్ దూరతారు, వాళ్ల వెనకాల బంతితో టెయిల్‌బ్యాక్. టెయిల్‌బ్యాక్ వెంటనే సందులోకి రాడు, రెండు మూడు అడుగులు బయటికి పోతున్నట్టే వెళ్లి, ఎదుటి ఎండ్ బయటికి కాలు వేసిన క్షణంలో లోపలికి కోసుకుంటాడు. ఈ ఒక్క ఆటను రోజుల తరబడి ప్రాక్టీసు చేయించేవాళ్లు, మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

ఎదుటివాళ్లు భయపడి కుడివైపు మరీ ఎక్కువగా జరిగితే అప్పుడు దాపరికం మొదలవుతుంది. వింగ్‌బ్యాక్ వెనక్కి తిరిగి ఎడమవైపుకు పరిగెత్తుతూ బంతి అందుకుంటాడు, అది రివర్స్. అంతకన్నా అందమైనది స్పిన్నర్. సెంటర్ బంతిని ఫుల్‌బ్యాక్‌కు ఇస్తాడు. ఫుల్‌బ్యాక్ బంతిని పొట్టకు అదుముకుని, ఎదుటి జట్టుకు వీపు చూపిస్తూ గిర్రున తిరుగుతాడు. తిరుగుతున్నప్పుడే పక్కనుంచి టెయిల్‌బ్యాక్ ఒకడు, వింగ్‌బ్యాక్ ఒకడు దాటిపోతారు. వాళ్లలో ఒకరికి ఇచ్చాడా, లేక ఎవరికీ ఇవ్వకుండా తనే మధ్యలోంచి దూరాడా అన్నది ఎదుటివాళ్లకు అర్థమయ్యేలోపు ఆరేడు గజాలు పోతాయి. బక్ లేటరల్ అని ఇంకొకటి ఉంది, ఫుల్‌బ్యాక్ లైన్ మీదికి దూకుతూ మధ్యలో బ్లాకింగ్ బ్యాక్‌కు బంతి అందిస్తాడు, వాడు దాన్ని బయట పరిగెత్తే టెయిల్‌బ్యాక్‌కు వెయ్యొచ్చు, లేదా పాస్ విసరొచ్చు. ఒకే మొదలు, మూడు నాలుగు ముగింపులు.

పైగా టెయిల్‌బ్యాక్ పరిగెత్తగలడు, విసరగలడు, తన్నగలడు. మూడో డౌన్‌లోనే (గజాలు గెలవడానికి దొరికే ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు), ఎవరూ ఊహించనప్పుడు, బంతిని వాళ్ల తలల మీదుగా దూరంగా తన్నేసే క్విక్ కిక్ ఈ వ్యూహానికి అచ్చంగా సరిపోయేది, ఎందుకంటే తన్నబోతున్నాడని నిలబడిన తీరులో తెలియదు. అంటే ఎక్కడినుంచి వస్తారో తెలుసు, ఏం చేస్తారో తెలియదు. మీరు మళ్లీ ఆ వీడియో చూస్తే బంతిని చూడకండి. లైన్ వదిలి పరిగెత్తే గార్డ్‌లను చూడండి, వాళ్లు ఎటు పోతే ఆట చాలాసార్లు అటే.

ప్రశ్న: ఈ సింగిల్ వింగ్‌ను ఎవరు కనిపెట్టారు? ఏ కాలంలో? నేను చరిత్ర పాఠాలు చెబుతాను, పిల్లలకు చెప్పదగిన విషయం ఏదైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, శ్రీకాళహస్తి

జవాబు: ఉంది మేడం, చాలా ఉంది.

1905 నాటికి అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ మనుషుల్ని చంపే ఆటగా తయారైంది. ఆటగాళ్లంతా ఒకరినొకరు పట్టుకుని ముద్దగా ఎదుటివాళ్ల మీద పడేవాళ్లు. ఆ ఒక్క సీజన్‌లో 18 మంది దాకా చనిపోయారని ఆనాటి పత్రికలు లెక్క కట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్ హౌస్‌కు పిలిచి ఆటను బాగు చెయ్యమన్నాడు. 1906లో రూల్స్ మారాయి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది, ఐదు గజాలు గెలవాల్సిన చోట పది గజాలు పెట్టారు. 1910లో లైన్ మీద కనీసం ఏడుగురు ఉండాలన్నారు, బంతి పట్టుకున్నవాడిని సొంత జట్టువాళ్లే తొయ్యడం, లాగడం మానిపించారు. 1912లో మూడు డౌన్‌లు నాలుగయ్యాయి, టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు వచ్చాయి. ముద్దగా పడే దారి మూసుకుపోయింది, మిగిలిన నలుగురిని ఎక్కడ నిలబెట్టాలన్నది ఆలోచించినవాడిదే ఆట అన్నట్టు తయారైంది.

ఆలోచించినవాడు గ్లెన్ వార్నర్, అందరూ పాప్ వార్నర్ అనేవాళ్లు. ఆయన పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్ కోచ్. ఈ స్కూలు గురించి పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1879లో పెట్టారు. అమెరికా ఆదివాసీ తెగల పిల్లల్ని ఇళ్లకు దూరంగా తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వాళ్లను తెల్లవాళ్లలా తయారు చెయ్యడం దాని ఉద్దేశం. ఎంతోమంది పిల్లలు అక్కడే జబ్బుపడి చనిపోయారు, ఆ సమాధులు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట చదివిన పిల్లలు, సంఖ్యలో తక్కువ, బరువులో తక్కువ, ఆ రోజుల్లో దేశంలోనే పెద్ద జట్లను ఓడించారు. బరువు చాలనప్పుడు ఒకేచోట ఎక్కువమందిని చేర్చడం, ఎదుటివాడిని ఏమార్చడం తప్ప దారి లేదు. సింగిల్ వింగ్ అనుకోకుండా ఆ స్కూలు మైదానంలో రూపు దిద్దుకుందని నేను అనుకోను.

జిమ్ థోర్ప్ అక్కడి టెయిల్‌బ్యాక్. ఓక్లహోమా నుంచి వచ్చిన శాక్ అండ్ ఫాక్స్ తెగ కుర్రాడు. 1911లో కార్లైల్ 18–15తో హార్వర్డ్‌ను ఓడించిన రోజు థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం) తన్నాడు. 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. తిరిగొచ్చి అదే ఏడాది నవంబర్ 9న ఆర్మీ జట్టు మీద ఆడాడు, కార్లైల్ 27–6తో గెలిచింది. ఆదివాసీ పిల్లలు, ఎదురుగా సైన్యం కుర్రాళ్లు, వాళ్ల తాతల కాలంలో వాళ్ల మధ్య యుద్ధాలే జరిగాయి. ఆ రోజు ఆర్మీ తరఫున థోర్ప్‌ను పట్టుకోవడానికి తంటాలు పడినవాళ్లలో డ్వైట్ ఐసెన్‌హోవర్ ఉన్నాడు, తర్వాత దేశాధ్యక్షుడైన అతనే. 1913లో థోర్ప్ ఒలింపిక్ పతకాలు లాక్కున్నారు, అంతకుముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న కారణం చూపించారు. అతను 1953లో చనిపోయాడు. పతకాలు తిరిగిచ్చే నిర్ణయం 1982లో వచ్చింది, అది కూడా ఇంకొకరితో కలిపి విజేత అంటూ. ఒక్కడే విజేత అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టం కూడా 1924లోనే వచ్చిందని కలిపి చెప్పండి. పిల్లలే ప్రశ్నలు అడుగుతారు.

ప్రశ్న: అంత గొప్పదైతే ఎందుకు పోయింది సార్? మా ఆయన ‘పాత చింతకాయ పచ్చడి’ అని కొట్టిపారేస్తున్నారు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ ఆయనకు 1940 డిసెంబర్ 8 గురించి చెప్పండమ్మా, సగం ఆయన వైపే ఉంటుంది. ఆ రోజు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్లో షికాగో బేర్స్ వాషింగ్టన్ జట్టును 73–0తో చితక్కొట్టింది. మూడు వారాల ముందే వాషింగ్టన్ ఇదే బేర్స్‌ను 7–3తో ఓడించింది, అందుకని ఎవరూ ఊహించలేదు. మ్యాచ్ మొదలైన మొదటి నిమిషంలోనే బిల్ ఒస్మాన్‌స్కీ 68 గజాలు పరిగెత్తాడు, అక్కడినుంచి ఆగలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఇప్పటికీ అంత తేడాతో గెలిచిన మ్యాచ్ లేదు.

బేర్స్ ఆడింది టీ వ్యూహం. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకాలే ఆనుకుని నిలబడి బంతి చేతికి అందుకుంటాడు, వాడి వెనక ముగ్గురు ఒకే వరుసలో. నిజానికి ఇది సింగిల్ వింగ్ కంటే పాతది. కానీ క్లార్క్ షాగ్నెసీ లాంటి కోచ్‌లు దానికి కొత్త ప్రాణం పోశారు, బంతి వదలకముందే ఒకడిని పక్కకు పరిగెత్తించడం, లైన్‌లో ఆటగాళ్లను దూరదూరంగా నిలబెట్టడం లాంటివి కలిపారు. షాగ్నెసీ అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ జట్టుకు ఈ ఆట నేర్పి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా నడిపించాడు, 1941 జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో నెబ్రాస్కాను 21–13తో గెలిపించాడు. ఒకే సీజన్‌లో కాలేజీ ఆటలో, ప్రొఫెషనల్ ఆటలో రెండుచోట్లా ఇలా జరిగేసరికి దేశంలో కోచ్‌లంతా అటు తిరిగిపోయారు.

వ్యూహాల కథ ఒక మ్యాచ్‌తో తేలదు కాబట్టి అసలు కారణాలు చెబుతాను. టీ వ్యూహంలో బంతి క్షణంలో లైన్ దగ్గరికి చేరిపోతుంది, సింగిల్ వింగ్‌లో బంతి గాల్లో నాలుగైదు గజాలు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రావాలి, ఎదుటివాళ్లకు చూసుకునే టైమ్ దొరుకుతుంది. సెంటర్ పని కూడా కష్టం. తల కిందికి దించి కాళ్ల మధ్యనుంచి వెనక్కి చూస్తూ, పరిగెత్తబోయేవాడికి రెండు అడుగులు ముందుగా బంతి పడేలా విసరాలి, విసిరి తల ఎత్తేలోపు ఎదుటివాడు మీద పడి ఉంటాడు. ఇంకోపక్క 1930ల్లో బంతిని సన్నగా చేశారు, విసరడం తేలికైంది, 1933లో ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్ వెనక ఎక్కడినుంచైనా విసరొచ్చంది. విసిరేవాడి విలువ పెరిగింది. అలాంటివాడిని ప్రతి ఆటలో పరిగెత్తించి, మీద నలుగురు పడేలా చేస్తే ఎన్నాళ్లు నిలబడతాడు?

ఈ చివరి కారణమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. 1946లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ టెయిల్‌బ్యాక్ బిల్ డడ్లీ పరుగుల్లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తానికి మొదటివాడు, ఎదుటి జట్టు పాస్‌లు అడ్డంగా పట్టుకోవడంలో మొదటివాడు, పంట్ రిటర్న్‌లో, అంటే ఎదుటివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తడంలో కూడా మొదటివాడు. మనిషి భారీ కాయం ఏమీ కాదు. దాడిలోనూ వాడే, రక్షణలోనూ వాడే. ఒక్కడి మీద అంత బరువు వేసే వ్యూహం, అలాంటి ఒక్కడు దొరికిన జట్టుకు వరం, దొరకని జట్టుకు టెన్షన్. ఏ ఆటగాడినైనా మార్చుకోవచ్చన్న రూల్ వచ్చాక ఒక్కో పనికి ఒక్కొక్కడిని పెట్టుకోవడం మొదలైంది, అన్నీ వచ్చినవాడి అవసరం తగ్గిపోయింది.

అయినా మీ ఆయన మాట సగమే నిజం. స్టీలర్స్ 1950ల మొదటి దాకా సింగిల్ వింగే ఆడారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆఖరున వదిలింది వాళ్లే. 1951లో ప్రిన్స్‌టన్ టెయిల్‌బ్యాక్ డిక్ కాజ్‌మేయర్ ఇదే ఆటతో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, బేర్స్ రమ్మంటే వెళ్లకుండా హార్వర్డ్‌లో బిజినెస్ చదువుకున్నాడు. 1954లో రెడ్ శాండర్స్ కోచ్‌గా లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ జట్టు యూసీఎల్‌ఏ తొమ్మిదికి తొమ్మిది గెలిచింది, సింగిల్ వింగ్‌తోనే. 73–0 జరిగిన పద్నాలుగేళ్ల తర్వాత! ఇప్పుడు ప్రతి జట్టూ క్వార్టర్‌బ్యాక్‌ను సెంటర్‌కు ఐదు గజాల వెనక నిలబెట్టి బంతి గాల్లో అందిస్తోంది, పరిగెత్తగల క్వార్టర్‌బ్యాక్‌కు కోట్లు పోస్తోంది. వాడు నిలబడే చోటు టెయిల్‌బ్యాక్‌దే, చేసే పని కూడా చాలావరకు టెయిల్‌బ్యాక్‌దే.

ప్రశ్న: షికాగో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ సిడ్ లక్‌మన్ కూడా సింగిల్ వింగ్ ఆడాడని విన్నాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: నిజమే. కొలంబియా యూనివర్సిటీలో అతను టెయిల్‌బ్యాక్. బేర్స్‌కు వచ్చాక టీ క్వార్టర్‌బ్యాక్‌గా కొత్తగా నేర్చుకున్నాడు. 73–0తో ఓడిపోయిన వాషింగ్టన్‌లో శామీ బా కూడా టెయిల్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్నవాడే, తర్వాత అతనూ టీ వ్యూహానికి మారాడు.

ప్రశ్న: నమస్తే సార్, నేను చిత్తూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉందని మా పిల్లలు మొదలుపెట్టాలంటున్నారు. సింగిల్ వింగ్ వాళ్లకు నేర్పొచ్చా?
– పీఈటీ, చిత్తూరు

జవాబు: ముందు ఒక మాట గట్టిగా చెబుతాను సార్. హెల్మెట్, ప్యాడ్లు, శిక్షణ ఉన్న కోచ్, అంబులెన్స్ ఇవేవీ లేకుండా టాకిల్ ఆట, అంటే మీద పడి పడగొట్టే ఆట, మన స్కూలు గ్రౌండ్లో వద్దే వద్దు. తల మీద దెబ్బ ఈ ఆటలో చిన్న విషయం కాదు. ఫ్లాగ్ మంచి ఎంపిక. ఒలింపిక్స్‌లో ఆడేది ఐదుగురు ఐదుగురుగా, నడుముకు కట్టిన రిబ్బన్ లాగితే చాలు ఆట ఆగుతుంది, మీద పడటం ఉండదు.

కానీ మీద పడటం లేదంటే బ్లాకింగ్ కూడా లేదు. సింగిల్ వింగ్‌కు ప్రాణమే బ్లాకింగ్. కాబట్టి ఆఫ్-టాకిల్ ఆటను ఫ్లాగ్‌లోకి యథాతథంగా తేలేరు. ఇంకో అడ్డంకి ఉంది. ఫ్లాగ్‌లో చాలాచోట్ల స్నాప్, అంటే సెంటర్ వెనక్కి అందించే బంతి, అందుకున్నవాడు తనే బంతితో ముందుకు పరిగెత్తకూడదు, ఇంకొకరికి ఇవ్వాలి లేదా విసరాలి. అంటే టెయిల్‌బ్యాక్ పరుగు కూడా పోయింది.

మిగిలేది ఏమార్చడం, అది పూర్తిగా పనికొస్తుంది. స్పిన్నర్ నేర్పండి. స్నాప్ అందుకున్న పిల్ల లేక పిల్లాడు బంతిని పొట్టకు అదుముకుని, వీపు చూపిస్తూ తిరిగేటప్పుడు ఇద్దరు చెరోపక్క నుంచి దాటాలి. మొదట నడుస్తూ చేయించండి, పరుగు వద్దు. బంతి ఇచ్చినప్పుడూ, ఇవ్వనప్పుడూ మోచేతులు ఒకేలా కదలాలి, అందులోనే ఉంది అంతా. బంతి లేనివాడు కూడా ఉన్నట్టే పొట్ట పట్టుకుని పూర్తి వేగంతో పరిగెత్తాలి. పిల్లలు సాధారణంగా బంతి రాకపోతే నీరుగారిపోయి ఆగిపోతారు, ఆ అలవాటు మాన్పించడమే మీకు ఎక్కువ పని. బంతి దొరక్కపోతే ఏదైనా చిన్న బంతితో మొదలుపెట్టండి, ఈ ఆటకు ముందు కావాల్సింది కాళ్ల లెక్క, బంతి ఆకారం కాదు. రివర్స్ కూడా నేర్పండి, ఎదుటి పిల్లలంతా ఒకవైపు పరిగెత్తడం మొదలుపెట్టాకే వాడమనండి, ముందే వాడితే వృథా.

ఆడపిల్లల్ని కూడా తప్పకుండా దింపండి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల పోటీ, మగవాళ్ల పోటీ రెండూ ఉన్నాయి.

ప్రశ్న: మా అక్క కొడుకు అమెరికాలో హైస్కూల్ చదువుతున్నాడు. వాళ్ల కోచ్ సింగిల్ వింగే ఆడిస్తాడట. మావాణ్ని క్వార్టర్‌బ్యాక్ అన్నారని ఇంట్లో అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే వాడికి బంతే ఇవ్వరు, విసరనివ్వరు, పరిగెత్తనివ్వరు, వాళ్లనీ వీళ్లనీ తొయ్యడమే పని. వాడు ఫోన్‌లో ఏడుపు ముఖం పెట్టాడు. మానేయమని చెప్పమంటారా?
– ఒక పిన్ని, పలమనేరు

జవాబు: మానేయమనకండమ్మా. ఆ కోచ్ మీ అబ్బాయికి చిన్న పని ఇవ్వలేదు. అమెరికాలో ఇప్పటికీ కొన్ని హైస్కూళ్లు సింగిల్ వింగ్ ఆడుతున్నాయంటే, చాలాచోట్ల పెద్ద పెద్ద ఆటగాళ్లు లేని స్కూళ్లకు అది అచ్చొచ్చిన ఆట అని. ఆ ఆటలో మీ అబ్బాయి స్థానమైన బ్లాకింగ్ బ్యాక్ లేకపోతే ఆఫ్-టాకిల్ లేదు, ఆఫ్-టాకిల్ లేకపోతే ఏమీ లేదు. ఎదుటి ఎండ్ అంటే సాధారణంగా వాళ్ల జట్టులో చురుకైనవాడు. వాణ్ని బయటికి తొయ్యడం మీ అబ్బాయి పని. ఒక్క అర క్షణం ఆలస్యమైతే సందు మూసుకుపోతుంది, టెయిల్‌బ్యాక్ అక్కడే పడిపోతాడు. పాత రోజుల్లో ఎన్నో జట్లలో ఆట పిలిచేది, అంటే ఇప్పుడు ఏది ఆడదాం అని చెప్పేది కూడా ఆ స్థానంలో ఉన్నవాడే, ఎందుకంటే లైన్‌కు దగ్గరగా ఉండి ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో అందరికంటే బాగా కనిపించేది వాడికే.

వాడు రెండు విషయాలు గట్టిగా నేర్చుకోవాలి. తల వంచి తలతో ఢీకొట్టకూడదు, ఎప్పుడూ తల పైకెత్తి, చేతులతో, భుజంతో అడ్డుకోవాలి. ఇది వాడి మెడకూ, మెదడుకూ సంబంధించిన విషయం, కోచ్ చెప్పకపోతే అక్కను వెళ్లి అడగమనండి. తల తిరిగినట్టు, మసకగా ఉన్నట్టు అనిపిస్తే దాచిపెట్టి ఆడకూడదు, వెంటనే చెప్పి బయటికి రావాలి. రెండోది, బంతి ఎప్పుడూ రాదని కాదు, బక్ లేటరల్ ఆటలో ముందు అందుకునేది వాడే. కోచ్ ఆ ఆట ఇంకా మొదలుపెట్టి ఉండకపోవచ్చు, సీజన్ మధ్యలో మొదలుపెడతారు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎన్ని టచ్‌డౌన్‌లు చేశావని అడక్కండి. వాళ్ల ఎండ్‌ను ఎన్నిసార్లు బయటికి తోశావు, మీ టెయిల్‌బ్యాక్ నీ వెనకనుంచి ఎన్ని గజాలు వెళ్లాడు అని అడగండి. వాడు గంటసేపు చెబుతాడు.